జీతాల లెక్కలో మిగిలిన గంట

‘20 రెట్లు వేగం’ అని ఎవరైనా చెబితే ముందు ఏ పని 20 రెట్లో అడగాలి
దోహా, ఉమ్ ఘువైలినా నుంచి

గల్ఫ్‌లో జీతం ఏ తారీఖున పడుతుందన్నది ఒక్క మనిషి సంగతి కాదు. ఇక్కడ సనయ్యా క్యాంపులో ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ వస్తేనే అక్కడ జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో, కోనసీమలోనో పిల్లల ఫీజు కడతారు, చిట్టీ కిస్తు కడతారు. అందుకే నెలాఖరు వచ్చిందంటే ఇక్కడి ఆఫీసుల్లో అకౌంట్స్ వాళ్లకు, కంప్యూటర్ వాళ్లకు ఊపిరి సలపదు.

ఖతార్ ప్రభుత్వం 2015లో వేతన రక్షణ వ్యవస్థను తెచ్చింది. కార్మికుల జీతాలు బ్యాంకు ద్వారానే, గడువు తేదీ నుంచి ఏడు రోజుల్లోగా చెల్లించాలన్నది నియమం. అందుకోసం ప్రతి కంపెనీ నెలనెలా బ్యాంకుకు ఒక ఫైలు పంపుతుంది. ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఓటీ ఎంత, కోత ఎంత, చేతికి ఎంత అన్నీ అందులో ఉంటాయి. ఆఫీసుల్లో దాన్ని ‘సిఫ్’ అంటారు. అంటే శాలరీ ఇన్ఫర్మేషన్ ఫైలు.

నేను పనిచేసే కాంట్రాక్టింగ్ కంపెనీలో ఆ ఫైలు తయారుచేసే ప్రోగ్రాంను చూసుకోవడం నా బాధ్యతల్లో ఒకటి. ఆఫీసు, ఇల్లు రెండూ ఉమ్ ఘువైలినా చుట్టుపక్కలే. మెట్రో రెడ్ లైనులో పాత విమానాశ్రయం స్టేషనుకూ, అల్ దోహా అల్ జదీదాకూ మధ్య వచ్చే స్టేషను మాది. పనివాళ్ల హాజరు ఫైళ్లు మాత్రం సనయ్యాలోని సైట్ సర్వర్‌లో ఉంటాయి. ఆఫీసు కంప్యూటర్ వాటిని లైను మీద తెచ్చుకుని లెక్క కడుతుంది.

ఆ లెక్కకు రెండున్నర గంటలు పట్టేది. బ్యాంకు మధ్యాహ్నం ఒంటి గంట వరకే ఫైలు తీసుకుంటుంది. అంటే ఉదయం 10.30కు ప్రోగ్రాం మొదలు కావాల్సిందే. సైట్ సూపర్‌వైజర్లు దిద్దుబాట్లు పంపేదేమో సరిగ్గా ఆ తర్వాత. ఆలస్యంగా వచ్చిన ఓటీ గంటలు వచ్చే నెలకు పోయేవి. మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన ఒక షట్టరింగ్ కార్పెంటర్ తమ్ముడు ఓసారి ఫోన్ చేసి, “అన్నా, ఈ నెల గూడ నా ఓటీ రాలే. ఇంటికి ఏం జెప్పాలె?” అన్నాడు. కంప్యూటర్ నెమ్మదితనం అంటే అతనికి అదే అర్థం.

పరిష్కారం అడిగితే, సరుకు సరఫరా చేసే ఒక వ్యాపారి కొత్త ఆఫీసు సర్వర్ కొనమన్నారు. మా మేనేజర్ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: “కొంటే ఎన్ని నిమిషాలు తగ్గుతాయి?” ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో తెలిసినవే ఇక్కడ రాస్తున్నాను. ఐటీలో పనిచేసే మన పిల్లలకూ, సొంత వ్యాపారాలు నడుపుకొనే మనవాళ్లకూ పనికొస్తాయి.

ఫైలును ‘అడగడం’ అంటే ఏమిటి?

సెలవుకు ఇండియా వెళ్లేముందు పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన వాళ్లందరికీ ఇది అనుభవమే. నాలుగు జీబీల సినిమా ఒక్కటి త్వరగా ఎక్కేస్తుంది. అదే నాలుగు జీబీల ఫొటోలు వేలకొద్దీ ఉంటే గీత కదలదు. బరువు ఒకటే అయినా ఒక్కో ఫొటోకు ఒక్కో లాంఛనం ఉంటుంది. పేరు రాయాలి, చోటు వెతకాలి, తెరవాలి, మూయాలి. ఫైలులోని సరుకు మోయడం ఒక ఖర్చు, ఫైలు దగ్గరకు వెళ్లి రావడం ఇంకో ఖర్చు.

ఏ ప్రోగ్రామైనా డిస్కును నేరుగా ముట్టుకోదు. ‘ఈ ఫైలు ఉందా? ఎంత సైజు? ఎప్పుడు మారింది?’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. వీటినే ఫైల్ సిస్టమ్ కాల్స్ అంటారు. ఫైలు సొంత కంప్యూటర్‌లోనే ఉండి, సమాచారం మెమరీలో సిద్ధంగా ఉంటే, ఈ జవాబు సెకనులో లక్షల వంతుల్లోనే వచ్చేస్తుంది. ఫైలు ఊరికి అవతల మరో సర్వర్‌లో ఉంటే ప్రతి ప్రశ్నా లైను మీద వెళ్లి రావాలి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మందూబ్ ఉదాహరణ చాలు. కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి మందూబ్. వంద మంది ఐడీల గడువు తెలుసుకోవాలనుకోండి. ఒక్కొక్కరి పేరు పట్టుకుని వందసార్లు కౌంటరుకు వెళ్లి రావచ్చు, లేదా ఒక్కసారే వెళ్లి మొత్తం జాబితా తెచ్చుకోవచ్చు. కౌంటరులో కూర్చున్న మనిషి ఎంత చురుకైనవాడైనా మొదటి పద్ధతిలో రోజంతా పోతుంది.

మా ప్రోగ్రాం చేస్తున్నది మొదటి పద్ధతే. చాలా ఏళ్ల కిందట, పనివాళ్లు వంద మంది కూడా లేనప్పుడు ఎవరో రాసిన ప్రోగ్రాం అది. అప్పటికి అది సరిపోయింది. ఇప్పుడు దాదాపు 1,400 మంది. మనిషికో ఫోల్డరు, రోజుకో ఫైలు. నెలకు 40 వేల ఫైళ్లకు పైమాటే. ఆ ఫైళ్ల చుట్టూ ప్రోగ్రాం మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి ఉందా అని, రెండోసారి ఎప్పుడు మారిందని, మూడోసారి సైజు ఎంతని. మొత్తం 1,20,000 ప్రశ్నలు. సనయ్యా సర్వర్ దగ్గరకు వెళ్లి రావడానికి ఒక్కో ప్రశ్నకు సెకనులో 25వ వంతు పడుతోంది. భాగిస్తే 4,800 సెకన్లు, అంటే 80 నిమిషాలు. ఒక్క హాజరు ఫైలు కూడా చదవకుండానే 80 నిమిషాలు!

ముందు వాటా తెలియాలి

కొలతలో మొదటి మెట్టు ఇదే. వేగం పెంచే ముందు, ఆ పని మొత్తంలో ఎంత వాటా తింటోందో చూడాలి. మా 150 నిమిషాలను విడదీస్తే ఇలా వచ్చింది: ప్రశ్నలకు 80, ఫైళ్లు చదవడానికి 45, జీతం లెక్కలకు, ఇతర పనులకు 25.

1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ నిపుణుడు ఒక మాట చెప్పారు. ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మిగతా భాగం పెట్టే హద్దును దాటలేం. దీన్ని ఆమ్‌డాల్ సూత్రం అంటారు. మన భాషలో చెప్పుకుందాం. ఇంటి నుంచి స్టేషనుకు నడక 12 నిమిషాలు, రైలు 8, దిగాక నడక 10. మొత్తం 30. రైలు రెట్టింపు వేగంతో పోయినా మీకు మిగిలేది 4 నిమిషాలే. రైలు కంపెనీ ‘రెండు రెట్లు వేగం’ అని ప్రకటన వేస్తే అది అబద్ధం కాదు. మీరు ఆఫీసు చేరేది మాత్రం 26 నిమిషాలకు.

ఈ లెక్క ముందే వేసుకుంటే ఆశకు హద్దు తెలుస్తుంది. మా 80 నిమిషాల ప్రశ్నలు పూర్తిగా మాయమైనా 70 నిమిషాలు మిగులుతాయి. అంటే రెండు రెట్లకు కాస్త ఎక్కువ వేగం. అంతకు మించి ఎవరు చెప్పినా నమ్మనక్కర్లేదు. కొత్త సర్వర్ సంగతీ అంతే. సనయ్యా లైను మారదు కాబట్టి అది తగ్గించగలిగేది లెక్కల 25 నిమిషాలను మాత్రమే. అవి సున్నా అయినా మొత్తం 125 కంటే కిందికి రాకూడదు.

118 ఎలా వచ్చింది?

వ్యాపారి కొత్త సర్వర్ తెచ్చి, మా ఎదుటే నడిపి చూపించారు. 118 నిమిషాల్లో అయిపోయింది. మేనేజర్ ముఖం వెలిగింది. నాకు మాత్రం 125 అనే హద్దు గుర్తుంది. దానికంటే తక్కువ ఎలా వచ్చింది?

జవాబు మెమరీలో ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఒకసారి చదివిన ఫైళ్లను ఖాళీగా ఉన్న మెమరీలో దాచుకుంటుంది. రెండోసారి అడిగితే డిస్కు దాకా వెళ్లకుండా అక్కడి నుంచే ఇస్తుంది. ఆ రోజు పొద్దున పాత సర్వర్ మీద ఒకసారి నడిపి, ఆ తర్వాతే కొత్తదాని మీద నడిపారు. సనయ్యా సర్వర్ అప్పటికే ఆ ఫైళ్లన్నీ మెమరీలో పెట్టుకుని ఉంది.

నేను పాత సర్వర్ మీదే, ఏమీ మార్చకుండా, వెంటవెంటనే రెండోసారి నడిపి చూశాను. 150 కాస్తా 128 అయింది. పైసా ఖర్చు లేకుండా 22 నిమిషాలు ‘లాభం’! రెండోసారిని రెండోసారితోనే పోల్చాలి. 128కీ, 118కీ తేడా 10 నిమిషాలు. కొత్త సర్వర్ నిజంగా ఇచ్చేది అదే. వ్యాపారి మోసం చేశారని కాదు. ఆయన గడియారంలో చూసిన అంకె చూసినట్టే చెప్పారు. పోల్చిన తీరులోనే తేడా ఉంది. నెలాఖరున జీతాల ప్రోగ్రాం నడిచేది ఎప్పుడూ మొదటిసారే కాబట్టి, మాకు కావలసింది చల్లగా ఉన్నప్పటి కొలత.

2015లో వచ్చిన మందు

మా ప్రోగ్రాం పైథాన్‌లో రాసింది. ఈ జబ్బు పైథాన్‌కు కొత్త కాదు. ఒక ఫోల్డరులో ఏమున్నాయని పాత పద్ధతిలో అడిగితే అది పేర్లు మాత్రమే ఇచ్చేది. ఏది ఫైలో, ఏది ఫోల్డరో, సైజు ఎంతో తెలియాలంటే ఒక్కో పేరుకు మళ్లీ అడగాలి. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం పేరుతోపాటే ఆ సమాచారంలో కొంత అప్పటికే చేతికి ఇస్తోంది. పైథాన్ దాన్ని పారేసి, మళ్లీ వెళ్లి అదే అడుగుతోంది. కౌంటరులో ఇచ్చిన జాబితాలో పేర్లు మాత్రం రాసుకుని, గడువు తేదీల కోసం మళ్లీ క్యూలో నిల్చున్నట్టు.

బెన్ హోయ్ట్ అనే ప్రోగ్రామర్ 2014లో దీనికి ఒక ప్రతిపాదన రాశారు. ‘స్కాన్‌డిర్’ అనే కొత్త పిలుపు 2015 సెప్టెంబరులో పైథాన్ 3.5లో చేరింది. ఇందులో అంకెలే ఆసక్తికరం. ఫోల్డర్లన్నీ తిరిగి చూసే పని విండోస్‌లో 8 నుంచి 9 రెట్లు, లైనక్స్ వంటి సిస్టమ్‌లలో 2 నుంచి 3 రెట్లు వేగవంతమవుతుందని ప్రతిపాదనలో రాశారు. విడుదల నాటి ప్రకటనలో విండోస్‌కు 7 నుంచి 20 రెట్లు, లైనక్స్ తరహా వాటికి 3 నుంచి 5 రెట్లు అని వచ్చింది.

ఒకే మార్పుకు ఇన్ని అంకెలేమిటి? ఎందుకంటే లాభం మార్పులో మాత్రమే లేదు, అది నడిచే చోటులోనూ ఉంది. విండోస్ ఫోల్డరు జాబితాతోపాటే సైజు, తేదీ కూడా ఇచ్చేస్తుంది. లైనక్స్ ఫైలా, ఫోల్డరా అన్నది సాధారణంగా చెబుతుంది కానీ, సైజు, తేదీ కావాలంటే మళ్లీ అడగాలి. కాబట్టి ఎవరో ఎక్కడో కొలిచిన రెట్లు మీ ఆఫీసుకు వర్తించవు. మీ ఫైళ్ల మీద, మీ లైను మీద మీరే కొలుచుకోవాలి.

మాది విండోస్ కాబట్టి కలిసొచ్చింది. 1,400 ఫోల్డర్లను ఒక్కోసారి మాత్రమే అడిగి, వచ్చిన జాబితాను మెమరీలో పెట్టుకుని, మూడు తిరుగుళ్లకూ అదే వాడేలా మార్చాను. మారింది కొద్ది వరుసలే.

చౌక జవాబుతో ఒక చిక్కు

ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సిన సంగతి ఒకటుంది. జాబితాలో వచ్చిన సమాచారం జాబితా తీసిన క్షణానిది. పైగా విండోస్‌లో ఒక ఫైలును ఎవరైనా ఇంకా తెరిచి రాస్తూ ఉంటే, ఫోల్డరు జాబితాలో దాని సైజు, తేదీ పాతవే కనిపించే వీలుంది. తాజా సంగతి కావాలంటే ఆ ఫైలునే నేరుగా అడగాలని పైథాన్ పత్రాలూ చెబుతాయి.

జీతాల విషయంలో ఇది చిన్న మాట కాదు. సూపర్‌వైజర్ అప్పుడే దిద్దుతున్న ఫైలునే మనం ‘మారలేదు’ అని వదిలేస్తే, మిగిలిన నిమిషాలు ఎవరో ఒకరి ఓటీ మింగినట్టే. అందుకని చివరి రోజు ఫైళ్లను, అంటే మనిషికొకటి చొప్పున 1,400, పాత పద్ధతిలో నేరుగా అడగడం అలాగే ఉంచాను. దానికి ఒక నిమిషం పడుతుంది. జాబితాలకు రెండు నిమిషాలు. మొత్తం మూడు.

ఆ తర్వాత పాత ప్రోగ్రాం ఇచ్చిన జీతాల ఫైలునూ, కొత్తది ఇచ్చినదాన్నీ గత నెలల సమాచారం మీద అక్షరం అక్షరం పోల్చాను. ఒక్క దిర్హం తేడా వచ్చినా వేగానికి అర్థం లేదు. ఇది తేలాకే గడియారం పట్టుకున్నాను.

కొలిచిన తీరు

గత నెల ఫైళ్ల కాపీ ఒకటి విడిగా పెట్టాను. పగలు లైను మీద రద్దీ ఉంటుంది కాబట్టి రోజూ రాత్రి ఒకే వేళకు నడిపాను. నడిపే ముందు సనయ్యా సర్వర్‌ను రీస్టార్ట్ చేయించాను. ఒక రాత్రి పాతది, మర్నాడు కొత్తది. ఇలా పది రాత్రులు. పాతదాన్ని వరుసగా ఐదు రోజులు, కొత్తదాన్ని ఆ తర్వాత ఐదు రోజులు నడిపితే, ఈ మధ్యలో లైను బాగుపడినా ఆ పుణ్యం కొత్త ప్రోగ్రాం ఖాతాలో పడిపోతుంది.

పాతది 146 నుంచి 158 నిమిషాల మధ్య తీసుకుంది, నడిమి అంకె 150. కొత్తది 70 నుంచి 79 మధ్య, నడిమి అంకె 73. సగటుకు బదులు నడిమి అంకె ఎందుకంటే, ఒక్క రాత్రి లైను మొరాయించినా సగటు మొత్తం పక్కకు ఒరిగిపోతుంది. రెంటి హద్దులూ ఎక్కడా కలవలేదు కాబట్టి ఇది అదృష్టం కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇంకో జాగ్రత్త. కాల్స్ లెక్కపెట్టడానికి విండోస్‌లో ప్రాసెస్ మానిటర్, లైనక్స్‌లో ఎస్‌ట్రేస్ వంటి పనిముట్లు ఉన్నాయి. అవి ప్రతి ప్రశ్ననూ ఆపి రాసుకుంటాయి కాబట్టి అవే ప్రోగ్రాంను నెమ్మదింపజేస్తాయి. అందుకే లెక్క వాటితో పెట్టాలి, సమయం మాత్రం అవి ఆపేశాక గడియారంతో చూడాలి.

ఇప్పుడు అంకెలు చూడండి. ప్రశ్నల భాగం 80 నుంచి 3 నిమిషాలకు వచ్చింది, అంటే 26 రెట్లకు పైగా. మొత్తం పని 150 నుంచి 73కు, అంటే రెండు రెట్లు. రెండూ నిజాలే. మేనేజర్‌కు నేను మొదటి అంకె చెప్పలేదు. ‘ఇకపై 10.30 బదులు 11.30కు మొదలుపెట్టినా బ్యాంకుకు అందుతుంది, పైగా కాస్త వెసులుబాటు కూడా ఉంటుంది’ అని చెప్పాను. ఆ గంటలోనే సైటు నుంచి దిద్దుబాట్లు వస్తాయి. కొత్త సర్వర్ మాట వచ్చే బడ్జెట్‌కు వాయిదా పడింది.

పెద్ద కంపెనీల్లోనూ ఇదే కథ

ఇది చిన్న ఆఫీసుల గోల మాత్రమే అనుకోవద్దు. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్‌కూ ఇదే సమస్య వచ్చింది. విండోస్ సోర్స్ కోడ్‌లో 35 లక్షలకు పైగా ఫైళ్లు ఉన్నాయి. వాటిని గిట్ అనే సాధనంలోకి తెస్తే, ఏ ఫైలు మారిందో చూడడానికే 10 నిమిషాలు పట్టేదని, కోడ్ మొత్తం దించుకోవడానికి 12 గంటలు దాటేదని 2017 ఫిబ్రవరిలో ఆ కంపెనీయే చెప్పింది. ప్రోగ్రామర్ తెరవని ఫైళ్ల జోలికే పోకుండా ఒక కొత్త పొరను తయారుచేశాక మొదటిది 4, 5 సెకన్లకు, రెండోది కొద్ది నిమిషాలకు దిగింది. అడగాల్సిన అవసరమే లేని ప్రశ్నకంటే చౌకైన ప్రశ్న లేదన్నమాట.

దీనికి వెనకవైపు కూడా ఉంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడింది. దాన్ని పూడ్చడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో చేసిన మార్పుతో ప్రతి సిస్టమ్ కాల్ ఖరీదు పెరిగింది. తక్కువ అడిగే ప్రోగ్రాంలకు ఆ తేడా పెద్దగా తెలియలేదు. అస్తమానం అడిగేవాటికే దెబ్బ ఎక్కువ తగిలింది. చీటికీమాటికీ అడిగే ప్రోగ్రాంకు ఈ రోజు బాగానే ఉన్నా, రేపు కౌంటరు రుసుము పెరిగితే తప్పించుకునే దారి ఉండదు.

మీ ఆఫీసులో అయితే...

కొత్త యంత్రం కొనే ముందు నాలుగు సంగతులు అడగండి. పని మొత్తంలో ఏ భాగానికి ఎన్ని నిమిషాలు పోతున్నాయి? ఆ భాగం పూర్తిగా మాయమైనా మిగిలేది ఎంత? చూపించిన కొలత మొదటిసారి నడిపిందా, రెండోసారి నడిపిందా? కొత్త పద్ధతి ఇచ్చిన జవాబు పాతదానితో అక్షరం పొల్లు పోకుండా సరిపోయిందా?

లాభాన్ని ఎప్పుడూ నిమిషాల్లోనే చెప్పించుకోండి, రెట్లలో వద్దు. రెట్లు ప్రకటనకు బాగుంటాయి. క్యాంపులో మెసేజ్ కోసం ఎదురుచూసే మనిషికి మాత్రం ఈ నెలా, వచ్చే నెలా అన్నదే లెక్క.